జడ్జి బంగళాలో వినే జిన్ను

చిన్న కథే. టీ చల్లారేలోపు చెప్పేస్తాను. కోట్ జలాల్‌లో జడ్జి బంగళా ఉందే, అందులో జిన్ను ఉందని ఊరంతా అంటుంది. ఊరి మాటకేం... మా కసాయి రంఝా ముసలి మేకని చూపించి పొట్టేలంటాడు, అందరూ నమ్మి కొనుక్కుపోతారు. వాడి తమ్ముడైతే... సరే, బంగళా.

ఆ జిన్ను ఎవరినీ పట్టదు, పీడించదు. వింటుంది — అంతే. పడకగదిలో గుసగుసగా అన్న మాట తెల్లారేసరికి బయటికి పోతుంది.

జడ్జి ముబష్షిర్ సాహెబు నమ్మలేదు.

అప్పుడు ఆయన ముందున్నది బడిపంతులు యావర్ సంగతి. ఫౌజు మీద ఏదో రాశాడట. రెండు నెలలుగా మనిషి లేడు. కేసు లేదు, కాగితం లేదు. ఠాణా మేడ మీద దాచారని తల్లి అర్జీ పెట్టుకుంది. జడ్జి చెప్పాపెట్టకుండా సోదాకి కోర్టు అమీనును పంపాడు. గది ఖాళీ. మళ్ళీ పంపాడు. ఖాళీ... పళ్ళెంలో రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.

రెండుసార్లూ ముందురోజు రాత్రి భార్య నుజ్హత్‌తో తప్ప ఆయన ఎవరితోనూ అనలేదు.

"నీ నోరేనా?"

"నాదే అయితే ముందు మీ గురక సంగతి చెప్పేదాన్ని."

గుమ్మంలో వంటవాడు అల్లాదిత్తా గొణిగాడు — "జిన్ను, సాహెబ్. కప్పు దీపంలో... ఎర్ర కన్ను. చూశాను." కూరలో ఉప్పు తప్ప అన్నీ చూస్తాడీయన.

ఆ రాత్రి దీపం ఆర్పి, జడ్జి పైకి చూశాడు. చీకట్లో... ఎర్రటి చుక్క.

కుర్చీ ఎక్కాడు. గాజు కన్ను, పక్కన గింజంత మైకు. వెనక సన్నటి తీగ.

జిన్నయితే ఖురాన్ ఆయత్ చదివి ఊదేవాడు. దీని వెనక ఉన్నది ఫౌజు. పీకలేదు... మెల్లగా దిగి, మంచమ్మీద కూర్చుని, గట్టిగా అన్నాడు —

"బేగం, రేపు ఆ అర్జీ కొట్టేస్తున్నా. ఫౌజుతో మనకెందుకు?"

"ఛీ! ఆ తల్లి ఉసురు తగలదూ మీకు?"

ఆయన దుప్పటి కింద ఆమె చెయ్యి నొక్కాడు.

పొద్దున కోర్టులో కూర్చుంటూనే అమీనును ఠాణాకి పరుగెత్తించాడు. ఈసారి గదిలో పంతులున్నాడు. మధ్యాహ్నానికి తల్లితో ఇల్లు చేరాడు.

సాయంత్రానికి జడ్జికి బదిలీ వచ్చింది — ఎడారి అవతలికి.

కొత్త జడ్జి దిగగానే అల్లాదిత్తా జిన్ను సంగతి చెప్పబోయాడు. "తెలుసు" అన్నాడాయన. ఆ రాత్రి, మంచం ఎక్కేముందు, దీపం కింద నిలబడి సలాం చేశాడు.