వానాకాలం పెట్టుబడి

"ఎండ ఊరికే వస్తుంది కదండీ. ఊరికే వచ్చేదానికి మీకెందుకు డబ్బు కట్టాలి?"

కొత్త వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టే ఫండ్‌లో పనిచేసే క్యాలో, అకేయోను అడిగిన మొదటి ప్రశ్న అది. నైరోబీలో, అద్దాల మేడలో, చల్లటి గదిలో కూర్చుని అడిగాడు. అకేయో కిసుము నుంచి బస్సులో నడుం పడిపోయేలా ప్రయాణం చేసి వచ్చింది. ఒళ్ళు మండింది.

"మీదే ఊరు?" అని ఎదురడిగింది.

"కిటుయీ."

"అదీ సంగతి. మీ ఊరికి వాన చుట్టపుచూపుగా వస్తుంది. మా సరస్సు ఒడ్డున అక్టోబరులో అత్తగారిలా దిగిందంటే క్రిస్మస్‌కి గానీ కదలదు. అన్నాళ్ళూ చేపలు మీ ఉచితం ఎండలో ఎలా ఆరబెట్టాలో చెప్పండి, నేర్చుకుంటాను."

గదిలో మిగతావాళ్ళు నవ్వారు. క్యాలో నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఆమెను మళ్ళీ చూశాడు. మొదటిసారి సరిగ్గా కనబడలేదేమో పాపం.

అకేయో ఊళ్ళో పట్టేది ఒమేనా, అంటే వేలెడంత వెండి రంగు చేపలు. ఒడ్డున ఆడవాళ్ళు వాటిని ఇసుకలో వలల మీద పరిచి ఎండబెడతారు. వాన పడితే సరుకంతా కుళ్ళి కోళ్ళ మేతకు పోతుంది. అకేయో ప్లాస్టిక్ పట్టాలతో రెండు డేరాలు కట్టి, సోలార్ ఫ్యాన్లు పెట్టి, గంపకింత అని అద్దె తీసుకుని ఎండబెట్టి ఇస్తోంది. రెండు డేరాలకు ఊరంతా క్యూ కట్టింది. వానలు దిగేలోపు ఒడ్డు పొడుగునా డేరాలు వెయ్యాలని ఆమె పట్టుదల.

బ్యాంకువాళ్ళు తాకట్టు అడిగారు. ఆమె దగ్గరున్నది చేపల వాసనొక్కటే. వెంచర్ ఫండ్ వాళ్ళ తీరు వేరు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నా సరే, ఆ సోమలింగం పెరిగి సంపాదిస్తాడని నమ్మకం కుదిరితే డబ్బు పెడతారు. నెగ్గితే వాటా, మునిగితే వాళ్ళ ఖర్మ. కానీ ఆ నమ్మకం కుదరటానికే ప్రాణాలు తోడేస్తారు.

అందుకే డేరాలు అద్దెకు వాడుకునేవాళ్ళతో మాట్లాడి రమ్మని క్యాలోను కిసుము పంపారు.

ప్రశ్నలు అడగటానికి వచ్చినవాడు జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. చేపల ఆడవాళ్ళకు పెద్ద దిక్కు ఒడేరో వాళ్ళమ్మ. ఆవిడ అతన్ని తిరగేసిన పడవ మీద కూర్చోబెట్టి, జీతమెంత, అమ్మానాన్నలు ఉన్నారా, ముప్ఫై దాటుతున్నా పెళ్ళెందుకు కాలేదు, కిటుయీ వైపు కంబా తెగవాళ్ళు అసలు చేపలు తింటారా అని వరసపెట్టి అడిగింది. అతను బుద్ధిగా అన్నీ చెప్పాడు.

భోజనంలో ఉగాలీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, వేయించిన ఎన్గెగె చేప పెట్టారు. ముళ్ళు చూసి అతను బిక్కమొహం వేశాడు. పక్కనే ఉన్న అకేయో ముళ్ళు తీసి ముక్కలు అతని పళ్ళెంలో వేస్తూ పోయింది. ఏం చేస్తోందో ఆమె గమనించుకోలేదు. ఒడ్డు ఒడ్డంతా గమనించింది.

ఇంతలో వాన మొదలైంది. ఇద్దరూ డేరాలోకి పరిగెత్తారు. ప్రేమకథన్నాక ఇక్కడ పూల వాసన రావాలి. ఏం చేస్తాం, ఎండుచేపల వాసనే వచ్చింది.

"మా ఊళ్ళో వాన పడితే అందరం బయటికి పరిగెత్తుతాం," అన్నాడు క్యాలో. "మీరంతా లోపలికి పరిగెత్తుతారు."

"మరి మీకిప్పుడు బయటికి వెళ్ళాలని ఉందా?"

"నాకిప్పుడు ఎక్కడికీ వెళ్ళాలని లేదు."

అకేయో చేపల వంక శ్రద్ధగా చూసింది. అవి బాగానే ఎండుతున్నాయి.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మొదట్లో లెక్కల గురించి, కొన్నాళ్ళకు ఏం తిన్నావు, ఎక్కడున్నావు అని. మీరు కాస్తా నువ్వు అయింది. అంతకు మించి ఒక్క ముక్క ఎవరూ పెదవి దాటనివ్వలేదు.

సెప్టెంబరు చివర్లో ఆఖరి మీటింగు. ఓటు వేసేది క్యాలోతో కలిపి అయిదుగురు, వాళ్ళలో నలుగురు సరే అంటేనే డబ్బు. వాళ్ళలో బరాసా అనే పెద్దమనిషికి చేపల వ్యాపారం మీద నమ్మకం లేదని అందరికీ తెలుసు. ఆయన కాదన్నా, క్యాలో ఉన్నాడు కదా అని అకేయో ధైర్యం.

ఫండ్ పెద్ద న్యాంబురా మేడమ్ అలవాటుగా అడిగింది, ఈ కంపెనీతో ఎవరికైనా సంబంధం ఉందా అని. ప్రతి మీటింగుకూ అడగాలి. చర్చిలో పాస్టరు ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరమా అని అడిగినట్టు, అడగటమే తప్ప ఎవరూ లేవరు.

క్యాలో లేచాడు.

"నాకుంది, మేడమ్. నేను ఓటు వెయ్యకూడదు."

"ఏం, వాటాలేమైనా కొన్నావా?"

"లేదు."

"చుట్టరికమా?"

"ఇంకా లేదు."

న్యాంబురా మేడమ్ అతన్నీ, అకేయోనూ మార్చి మార్చి చూసి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళమని క్యాలోకు చెప్పింది.

అకేయోకు చెవులు వేడెక్కాయి. సంతోషమా, కోపమా తేల్చుకునే తీరిక కూడా లేదు. ఇప్పుడు మిగిలింది నలుగురు. నలుగురూ సరే అనాలి, బరాసాతో సహా. ఒడ్డున ఆడవాళ్ళందరూ కళ్ళముందు మెదిలారు.

బరాసా గొంతు సవరించుకున్నాడు. "వానలు పడకపోతే నీ డేరాలు ఎవరికి కావాలమ్మా?"

"ఎండలో కూడా కావాలి సార్. ఇసుకలో ఎండిన చేపలో ఇసుక ఉంటుంది. దాన్ని కోళ్ళకు వేస్తారు. డేరాలో ఎండింది మనుషుల పళ్ళెంలోకి వస్తుంది. మీ ఇంట్లో ఏది వండిస్తారు?"

చివరికి అందరికంటే ముందు చెయ్యెత్తింది బరాసాయే.

క్యాలో కింద మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బయట జల్లు పడుతోంది. ఆమెను చూసి లేచాడు.

"ఏమన్నారు?"

"ఇచ్చారు. నువ్వు మాత్రం నాతో మాట్లాడకు. ఆ బరాసా కాదని ఉంటే ఒడేరో వాళ్ళమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పేదాన్ని? ఆ మాటేదో ముందు నాతో అనాలా, నలుగురిలో అనాలా?"

"ముందే అంటే, డబ్బు కోసం సరే అన్నావో, నిజంగా అన్నావో మనిద్దరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. దాచిపెట్టి చెయ్యెత్తితే, నీ కష్టమంతా నా చలవే అనేవాళ్ళు జనం. నువ్వంటే నాకు ప్రేమ, అకేయో. అది కడుపులో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను."

ఆమె గోడకు ఆనుకుంది. అతను చెప్పింది నిజమే. కోపం నిలబెట్టుకుందామన్నా నిలవటం లేదు.

"సరే. డబ్బు వచ్చేసింది కదా."

"వచ్చేసింది."

"అంటే ఇక నీతో నాకు పనేం లేదు."

"లేదు," అన్నాడు క్యాలో. మొహం చిన్నబోయింది.

"లిఫ్టు ఉండగా ఇన్ని మెట్లు దిగి, అంతస్తు అంతస్తూ నిన్ను వెతుక్కుంటూ వచ్చాను. పనేం లేకపోయినా."

అతనికి అర్థం కావటానికి ఓ క్షణం పట్టింది. ఆమే చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది.

కిసుములో ఒడేరో వాళ్ళమ్మ ఫోను కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ చాలాసేపటి దాకా గుర్తు రాలేదు.