గుండిగలో పట్టినంత

"ఇది గానీ పేలిందంటే?"

నూకరత్నం ఆ మాట పైకే అనేసింది. ఇంకా ఏదీ పేలలేదు. చేతిలో ఉన్న పవర్ సప్లైకి తీగ కూడా తగిలించలేదు. బల్లకి అవతల కూర్చున్న ఖాదర్‌వలీ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని చూశాడు.

"పొద్దున్నే నీ నోట ఓ మంచిమాట వినే యోగం లేదు కదా చెల్లెమ్మా నాకు!"

"పేలాక ఎవర్ని అడగమంటారండీ? అందుకే ముందడుగుతున్నా."

వాళ్ళ వెనక బెల్టు కదులుతూనే ఉంది. రేవులో దిగిన కంటైనర్లు రోజూ ఆ షెడ్డు ముందు నోళ్ళు తెరుస్తాయి. లోపలంతా ఒంటి పెట్టెలు. ఒకప్పుడు ఇంటింటా ఎవరికి వాళ్ళు కొనుక్కుని, కొందరైతే భాగం భాగం ఏరి సొంతంగా కట్టుకుని, బల్లమీద పెట్టుకున్న కంప్యూటర్లు. వాటిని విప్పడం నూకరత్నం పని. బోర్డు ఒక తొట్టిలోకి, డిస్కు ఒక తొట్టిలోకి, రాగి ఒక తొట్టిలోకి. అన్నీ చివరికి నుగ్గులోకే, అంటే పొడిచేసే మరలోకే. పనిచేసేదా, చచ్చినదా అని నుగ్గు అడగదు. కరెంటు మిగిలిన భాగం అందులో పడితే మంట లేస్తుందని, ముందు ఊపిరి పరీక్ష చెయ్యడానికి ఖాదర్‌వలీనీ అతని బల్లనీ అక్కడ ఉంచారు.

ఇప్పుడు ఏ ఇంట్లోనూ పెట్టెలు లేవు. గోడకో పలక ఉంటుంది. ఆలోచించేది సమష్టి, అన్ని ఊళ్ళకీ కలిపి ఉన్న ఒకే పెద్ద కంప్యూటరు. లెక్కయినా, పాటయినా, జ్వరానికి మందయినా అక్కడి నుంచి రావాలి. ఒంటి పెట్టె పెట్టుకోకూడదని ఎక్కడా రాసిలేదు. భాగాలు దొరకవు, అంతే. పైగా పెట్టుకున్న ఇంటిని సమష్టి విడదీస్తుంది. విడదీశాక మళ్ళీ కలుపుకోదు.

నూకరత్నానికి ఒంటి పెట్టె కావాలి. కూతురి గొంతు కోసం.

లోవలక్ష్మి కంఠంలో గడ్డ లేచినప్పుడు, ఆపరేషన్‌కి ముందు రోజుల్లో తల్లి ఒక పాత ఫోను పట్టుకుని ఆ పిల్ల వెంటపడి తిరిగింది. పాఠం చదివినా, తమ్ముడి వరస అయ్యేవాణ్ణి తిట్టినా, కూరలో ఉప్పు లేదని గోల పెట్టినా పట్టేసింది. "ఏంటే అమ్మా ఇది, నేను చచ్చిపోతున్నట్టు!" అని పిల్ల విసుక్కున్న మాట కూడా ఆ ఫోనులో ఉంది. ఆపరేషన్ అయ్యాక పిల్ల మిగిలింది, గొంతు పోయింది. ఆ ఫోనులోని మాటలన్నీ తీసుకుని సమష్టి ఒక గొంతు అల్లింది. మెడకి కంఠపట్టీ కట్టుకుని లోవ పెదవులు కదిపితే, కాస్త బొంగురుగా, మాట చివర సాగదీస్తూ, అచ్చం లోవలాగే పలికేది. నూకరత్నం ఆ రోజు వీధంతా పరమాన్నం పంచింది.

మొన్న వానాకాలంలో సమష్టి స్వరశుద్ధి అని ఒక మార్పు తెచ్చింది. కంఠపట్టీలన్నిటికీ ఒకటే గొంతు. తేటగా, నున్నగా, ఏ ఊరిదీ కాకుండా ఉండే గొంతు. "మీ ఉచ్చారణ మెరుగుపడింది" అని పలక చెప్పింది. ఆ పూట లోవ "అమ్మా, అన్నం పెట్టు" అనగానే నూకరత్నం చేతిలో గరిటె జారిపోయింది. షెడ్డు గేటు దగ్గర మాట్లాడే యంత్రం, అందరూ వాకిలి అనేది, దాని గొంతది. రోజూ సాయంత్రం "ఆగండి, పాత్ర చూపించండి" అనే గొంతు.

తల్లి మొహం చూసి లోవకి అర్థమైపోయింది. పట్టీ విప్పి మేకుకి తగిలించింది. ఆ తర్వాత మాట లేదు. సైగ కూడా తగ్గించేసింది. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

"ఇది తీసుకో" అంటూ ఖాదర్‌వలీ తన ముందున్న తొట్టిలోంచి సన్నటి పవర్ సప్లై ఒకటి తీసిచ్చాడు. "చిన్నది. నీ క్యారేజీలో పడుతుంది. మిగతావన్నీ అలాగే పట్టుకెళ్ళావు కదా?"

పట్టుకెళ్ళిన మాట నిజమే. షెడ్డు పెట్టిన కొత్తలో కూలీలు గొడవ చేసి తెచ్చుకున్న హక్కు ఒకటుంది. భోజనం తెచ్చుకున్న పాత్రలో పట్టినంత తుక్కు ఇంటికి తీసుకుపోవచ్చు. దాన్ని క్యారేజీ వాటా అంటారు. అందరూ రాగితీగ నింపుకుంటారు. నూకరత్నం చిన్నరకం బోర్డుని రొట్టెల డబ్బాలో పెట్టుకుపోయింది. దాని మీది కెపాసిటర్లని ఒక్కొక్కటే వేలితో తడిమి, నెత్తి ఉబ్బినది ఒక్కటి కనపడినా ఆ బోర్డు వదిలేసి ఇంకోటి చూసింది. ఫ్యానుని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకునేది. గరగరమంటే తొట్టిలోకే. మెమరీ కడ్డీని ఖాదర్‌వలీ ఒక పూట పరీక్షించి బాగుందంటే, ఇంకో పూట పెట్టమని ప్రాణం తీసింది. ఏది చేతికొచ్చినా, ఇది ఎంత బాగా పనిచేస్తుందని అడగదు. ఎలా చస్తుందని అడుగుతుంది.

అంత భయంలోనూ ఒక తప్పు చేసింది. ఒకటి పోయినా ఇంకోటి ఉండాలని డిస్కులు రెండు తీసుకుంది. బజారులో వంకాయలు ఏరినట్టు, ఒకే కుప్పలోంచి ఒకేలా ఉన్న జతని ఏరి మురిసిపోయింది.

"ఇవి రెండూ ఒకే కాన్పు" అన్నాడు ఖాదర్‌వలీ మీది అంకెలు చూసి. "ఒకే ఫ్యాక్టరీ, ఒకే వారం. ఒకదానికి రోగముంటే రెండోదానికీ ఉంటుంది. ఒకేసారి పడుకుంటాయి. వేరే కంపెనీది ఒకటి తీసుకో."

ఆ రాత్రి ఆమెకి సరిగ్గా నిద్ర పట్టలేదు. కునుకు పడితే చాలు, రెండు డిస్కులూ చేతులు పట్టుకుని నూతిలో దూకినట్టు కల.

ఇప్పుడు సన్నటి పవర్ సప్లైని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "అప్పడంలా ఉందండీ ఇది."

"పనిచేస్తుందమ్మా."

"ఎన్నాళ్ళు?"

ఖాదర్‌వలీ గెడ్డం గోక్కున్నాడు. అబద్ధం ఆడడం అతని వల్ల కాదు. "అది చెప్పలేను. లోపల కొంచెం పొదుపు చేసినట్టే ఉంది."

"ఫ్యాను పోతే ఫ్యానొక్కటే పోద్ది. ఇది పోతే? పోతా పోతా బోర్డునీ డిస్కుల్నీ వెంటబెట్టుకు పోద్దని మీరే కదా చెప్పారు? నా పిల్ల గొంతు దాని చివర వేలాడతా ఉంటదండీ. ఇంకోసారి పోతే నేనేం చేసేది?"

ఆమె మొదట పట్టుకున్న దాన్నే మళ్ళీ ఎత్తింది. నల్లటి పెద్ద ఇటుకలా ఉంది. బరువుకి మణికట్టు వంగింది. రంగుదీపాలు లేవు, సోకు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన లేదు. ఖాదర్‌వలీ దానికి పాత హీటర్లు తగిలించి పొద్దుగుంకేదాకా మోయించాడు. సాయంత్రానికి మీద చెయ్యి వేసి చూస్తే, జ్వరం తగ్గిన పిల్ల నుదురంత వెచ్చగా ఉంది.

"నిక్షేపంలా ఉంది. ఇదయితే నాకన్నా ఎక్కువ బతుకుతుంది" అన్నాడు. "కానీ ఏ క్యారేజీలో పట్టిస్తావు?"

నూకరత్నం దాన్ని బల్లకింద గోనెసంచి చాటుకి తోసి ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆమె నెత్తిన ఇత్తడి గుండిగ ఉంది. పక్కింట్లో ఉండే వంటల సూరమ్మ పెళ్ళిళ్ళలో పులిహోర కలిపే గుండిగ అది. దాన్నిండా పులిహోరే ఉంది.

"భోజనపాత్ర, ఒకటి" అని వాకిలి నమోదు చేసుకుంది.

షెడ్డులో ఆ మధ్యాహ్నం ఎవరూ తమ క్యారేజీలు విప్పలేదు. బెల్టు పక్కనే నిలబడి దోసిళ్ళతో తిన్నారు. "ఏంటి రత్నమ్మా, మీ లోవకి సంబంధం కుదిరిందా?" అని రాగితొట్టి చిట్టెమ్మ అడిగింది.

"ముందు మాట కుదరాలి కదే" అంది నూకరత్నం. ఆమె ఒక్క మెతుకు కూడా ముట్టలేదు. వాకిలి పట్టుకుంటే పని పోతుంది. పని పోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే వానలో, పెట్టె కట్టడానికి ఖాళీ చేసి ఉంచిన ట్రంకుపెట్టె, బోర్డు, పిల్ల... ఆలోచన అక్కడిదాకా పోయి, పోవడానికి ఇంకేమీ మిగలక ఆగింది.

సాయంత్రం గుండిగ కడిగి, పాతచీర పరిచి, నల్ల ఇటుకని అందులో కూర్చోబెట్టి నెత్తినెత్తుకుంది. వెనక అందరూ వరసలో ఉన్నారు.

"ఆగండి" అంది వాకిలి. "పాత్ర పరిమాణం అసాధారణంగా ఉంది."

"భోజనం గిన్నేనండి." ఇన్నేళ్ళూ ఆ గేటుకి అండీ తగిలించకుండా ఆమె ఒక్కమాట అనలేదు.

"ఈ పాత్రలో పట్టే భోజనం ఒక మనిషికి ఎక్కువ."

"నాకు ఆకలెక్కువండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వాకిలి మళ్ళీ అడిగింది. "పాత్రలోని వస్తువు దేనికి?"

వాటా దేనికని వాకిలి ఇంతవరకూ ఎప్పుడూ అడగలేదు. రాగి అమ్ముకోవడానికి, అని చెబితే పోతుంది. ఇంటి దగ్గర గ్రైండరుకి, అన్నా పోతుంది. దారిలో అనుకుంటూ వచ్చిన అబద్ధాలన్నీ నాలుక చివరే ఉన్నాయి. కానీ అడుగుతున్నది ఆ గొంతు. తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర, తన పిల్ల మెడలోంచి అన్నం అడిగిన గొంతు. నూకరత్నం గుండిగ అంచుల్ని రెండు చేతులా పట్టుకుంది.

"నీ గొంతు తెచ్చి నా పిల్లకి తగిలించారు" అంది. అండీ రాలేదు. "అది నాకొద్దు. దాని గొంతు దానికి కావాలి. దాన్ని పెట్టుకోడానికి పెట్టె కడుతున్నాను. ఆ పెట్టెకి ఇది."

నవ్వు ఆగిపోయింది. బెల్టు కూడా ఆగినట్టు అనిపించింది, ఆగలేదు.

"ఒంటి పెట్టె ఉన్న గృహం సమష్టి నుంచి విడిపోతుంది. తిరిగి కలపబడదు. అంగీకరిస్తారా?"

ఆ ప్రశ్నకి ఇంతవరకూ ఏ ఊళ్ళోనూ ఎవరూ అవునని ఉండరు. వద్దులే అని వెనక్కి తగ్గడానికే దాన్ని అక్కడ పెట్టినట్టుంది. పలక ఆరిపోతుంది. రేపు జ్వరమొస్తే ఎవర్ని అడగాలి? తుపాను కబురు ఎవరు చెబుతారు? అన్నీ ఒక్కసారే తలకెక్కాయి. ఆమె అన్నిటినీ చూసింది, ఒక్కదాన్నీ చూడనట్టు నటించలేదు.

"అంగీకరిస్తున్నాను. తలుపు తియ్యి."

వాకిలి దీపం ఆకుపచ్చ అవలేదు, ఎరుపూ అవలేదు. పసుపు మీదే కొట్టుకుంటూ ఉండిపోయింది. వెనకనుంచి ఖాదర్‌వలీ దగ్గాడు. "పాత్రలో పట్టింది. రూలు ప్రకారం వాటాయే కదమ్మా" అన్నాడు వాకిలితో, కుర్రదానికి నచ్చజెప్పినట్టు.

"మెడ విరిగిపోతంది దానికి, తియ్యవే!" అని చిట్టెమ్మ అరిచింది. "నాక్కూడా రేపు ఆకలెక్కువే, రాసుకో!"

గేటు కడ్డీ పైకి లేచింది.

ఆదివారం పొద్దున్నకి గోడమీది పలక నల్లగా ఉంది. తల్లీకూతుళ్ళు నేలమీద కూర్చున్నారు. మధ్యలో రేకు ట్రంకుపెట్టె. గాలి ఆడడానికి దాని పక్కలకి మేకుతో బెజ్జాలు పొడిచారు. స్క్రూలు లోవే బిగించింది. తల్లి బిగిస్తే అరిగిపోయేదాకా బిగిస్తుందని ఆ పిల్లకి తెలుసు. వేరువేరు కాన్పుల డిస్కులు రెండూ ఒకదాని పక్కన ఒకటి కుదురుకున్నాయి. ఖాదర్‌వలీ ఎప్పుడో పాత డిస్కులో దొరికితే దాచిన గొంతల్లిక ప్రోగ్రాము, పాత ఫోనులోని మాటలు, అన్నీ అందులోకి చేరాయి. పెట్టెనుంచి ఒక తీగ కంఠపట్టీ దాకా వచ్చింది.

నూకరత్నం స్విచ్చి మీద వేలుపెట్టి, తీసి, మళ్ళీ పెట్టి నొక్కింది.

ఫ్యాను తిరిగింది. పొగ రాలేదు. ఆమె ట్రంకు పక్కన వంగి వాసన చూసింది. అరచెయ్యి ఆనించి చూసింది. పెట్టె తనలో తాను ఏదో నెమరేసుకుంటున్నట్టు సన్నగా రొద చేస్తోంది. లోవ మేకు మీది పట్టీ తీసి మెడకి చుట్టుకుంది. కళ్ళు దించుకుంది. పెదవులు కదపలేదు.

వీధిలో ఆడవాళ్ళ గోల. చిట్టెమ్మా, ఇంకెవరెవరో సూరమ్మ గుమ్మం ముందు మూగారు. "ఉన్న గుండిగలన్నీ తీసుకుపోతే రేపు పెళ్ళికి నేను పులిహోర బకెట్లలో కలపాలా?" అని సూరమ్మ కేకలేస్తోంది.

నూకరత్నానికి అవేమీ చెవికెక్కలేదు. అడగాలనుకున్నది వేరు. బాగున్నావా అనో, మాట్లాడమ్మా అనో. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం ఎప్పుడూ వచ్చేదే.

"ఇది గానీ పేలిందంటే?"

లోవ తలెత్తలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తల్లి ఆ పిల్ల మెడనే చూస్తూ కూర్చుంది. వీధిలో ఇత్తడి గిన్నె ఒకటి ఖంగుమని కిందపడి, దొర్లి, దొర్లి ఆగింది. అప్పుడు లోవ పెదవులు కదిలాయి. ట్రంకుపెట్టె ఒక్క క్షణం ఆలస్యంగా, కాస్త బొంగురుగా, మాట చివర సాగదీస్తూ పలికింది.

"పేల్తే ఇంకోటి తెచ్చుకుందామేఏ... సూరమ్మత్త గుండిగ అప్పుడే ఇచ్చెయ్యకు."