పద్నాలుగో నంబరు

ఆబిడ్స్‌ల మాది చిన్న టూర్ల ఆఫీసు. కింద చెప్పుల దుకాణం, పైన మేము. మా ఆయన విజయేందర్ జనాన్ని తీసుకపోతడు, నేను ఈడ కూసుండి టికెట్లు, ఫోన్లు చూసుకుంట. మొన్న సాయంత్రం ఐదింటికి దసరా సెలవుల కోసం అండమాన్ కరపత్రం రాస్తున్న. మడ అడవిల పడవ ప్రయాణం, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం, పగడాలు. బయట ముసురు. ఆయన ఎదురుంగ కూసుండి చాయ్ తాగుతున్నడు.

ఫొటోల కోసం పోయినేడు గ్రూపు మెసేజీలు తెరిచిన. ఆ టూర్‌లనే నా చెల్లె మనస్విని పోయింది. శవం కూడ దొరకలే. "తాబేళ్ళ దీవి నుంచి మాతోనే వచ్చింది నళినీ, హోటల్‌ల ఎవ్వరికీ చెప్పకుండ సముద్రంలకు దిగింది" అన్నడు మా ఆయన. ఆయన మాట మీద హోటల్ ముందటి సముద్రమంత వెతికిన్రు. నేనూ నమ్మిన. నమ్మకేం చేస్త, మొగుడాయె!

మాకో పద్ధతుంది. ఆ దీవి మొత్తం అభయారణ్యం, పగటీలి మూడు గంటలు దాటితే మనిషి ఉండొద్దు. ఆఖరి పడవ కదిలే ముందు ఇరవై మందీ ఎవరి నంబరు వాళ్ళే గట్టిగ చెప్పాలె. ఆయన అది రికార్డు చేసి నాకు పంపాలె. చెల్లెది పద్నాలుగు. ఆ రోజు పనిల సగం చెవి పెట్టి విన్న. పద్నాలుగు వినబడ్డది, సాలనుకున్న. చెల్లె పోయినంక మళ్ళ వినే ధైర్యం రాలే.

మొన్న వేలు తగిలి ఆ రికార్డే మోగింది.

పడవ ఇంజను చప్పుడు. పన్నెండు... పదమూడు...

పద్నాలుగు.

సన్న గొంతు. కానీ చెల్లెది కాదు. గొంతు మార్చిన మగమనిషిది. పదకొండేళ్ళు నా పక్కన పండుకున్నోని గొంతు నాకు తెల్వదా?

గదిల ఉప్పు వాసన. కుళ్ళిన ఆకుల బురద వాసన. కిటికీలన్నీ మూసే ఉన్నయి...

"పద్నాలుగు అన్నది నువ్వే గద?" అన్న. ఆయన్ని నువ్వు అనుడు అదే మొదటిసారి.

గ్లాసు కింద పెట్టిండు. "జర మెల్లగ... తాబేళ్ళ దిక్కు పోయింది. టైముకు రాలే. ఒకరు తగ్గిన్రని తెలిస్తే లైసెన్స్ పోతది. పొద్దుగాల పోయి తెద్దామనుకున్న... పోయి చూస్తే లేదు."

"రాత్రంత దాన్ని ఆడ ఒక్కదాన్నే ఇడిసిపెట్టినవా? ఉన్న చోట ఎవ్వరినీ వెతకనియ్యకుండ చేసి, నా పక్కన కూసుండి ఏడ్చినవా? నమ్మించి గొంతు కోసినవు గదరా!"

ఫోన్‌ల రికార్డు ఇంకా నడుస్తున్నది.

పంతొమ్మిది... ఇరవై.

ఆడికి అయిపోవాలె. అయిపోలే. ఇంజను చప్పుడు దూరం పోయింది. పడవల నుంచి తీసింది గదా, ఎట్ల దూరం పోతది? ఒడ్డు మీద నిలబడి వింటున్నట్టుంది. అల... ఇంకో అల... ఎవరో తడి ఇసుకల నడుస్తున్నరు.

ఆయన కుర్చీల నుంచి లేవబోయి లేవలేకపోయిండు.

"అక్కా..."

అది చెల్లే.

"బావను తోలుకొచ్చినవా?"

నేను పెదవి కూడ కదపలే. ఫోన్‌ల నా గొంతే అన్నది, "ఔ."