అసిరయ్య కథ, వరస తప్పకుండా

2016 ఆగస్టు. ముసురు పట్టింది. చీపురుపల్లి స్టేషన్ దగ్గర మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే కొండబాబు షాపుకి ఆ వారం ముగ్గురే వచ్చారు. మూడో మనిషి నీలవేణి. వస్తూనే ఫోను బల్ల మీద పెట్టింది.

"మా నాన్న ఒక్కడే. మీ కంప్యూటర్లో ముగ్గురైపోనాడేటి?"

ఆమె తండ్రి అసిరయ్య జముకు అనే వాయిద్యం మోగిస్తూ, పాడుతూ జముకుల కథలు చెప్పేవాడు. ఆయన పోయాక, మిగిలిన క్యాసెట్లను కొండబాబే పన్నెండు ఫైళ్ళుగా మార్చి ఇచ్చాడు. విసుగులో పాడినవారి పేరు ఒకచోట అసిరయ్య అనీ, ఒకచోట అసిరి అనీ, మరోచోట జముకు అసిరయ్య అనీ కొట్టాడు. ట్రాక్ నంబర్లు వేయనేలేదు. ఫోనులో ఒక్క ఆల్బమ్ మూడు ముక్కలైంది.

"మాయమ్మ రోజూ ఇదే వింటాది. కథలో పెళ్ళి అవకముందే పురుడొచ్చేస్తన్నాది!"

"పద్నాలుగు వేల పాటలున్నాయండి. పేర్లు సరిసేసి సేసి అలిసిపోనాను."

"నాకు పన్నెండు సాలు" అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది.

కుట్టుపని ముగించుకుని రోజూ మధ్యాహ్నం వచ్చేది. ఆమె విని వరస చెబితే, అతను నంబరు వేసేవాడు.

"ఆల్బమ్ ఆర్టిస్ట్ అంటే ఏటి?" తెర మీది గడి చూపించి అడిగింది.

"మొత్తానికి పెద్ద. మధ్యలో ఎవరు గొంతు కలిపినా ఆ పేరు మారకూడదు."

"మా ఇంట్లో మాయమ్మ లాగన్నమాట."

చాలా రోజుల తర్వాత కొండబాబు నవ్వాడు.

ఏడో ట్రాకులో ఒక పిల్ల గొంతు వంత పాడింది. నీలవేణి తల దించుకుంది.

"అది నేనే. అప్పుడు తొమ్మిదేళ్ళు."

అతను ఆ ఒక్క ట్రాకుకి అసిరయ్య పక్కన ఆమె పేరూ చేర్చాడు. తెర మీద ఆ రెండు పేర్లనూ ఆమె చాలాసేపు చూసింది.

పన్నెండోది పూర్తయిన రోజు కొండబాబు నెమ్మదిగా చెప్పాడు. "నెలాఖరుకి షాపు మూసేస్తన్నాను. విశాఖలో గోడౌన్ పని దొరికింది. పాటలన్నీ డిస్కులో ఎక్కించి ఇచ్చేస్తాను."

"పాటలు నాకెందుకు?" ఆమె స్టూలు మీంచి లేచింది. "ఇన్నాళ్ళూ పాటల కోసమే వచ్చాననుకున్నారా?"

బయట వాన హోరు. తనూ రోజూ ఆమె కోసమే షాపు తెరుస్తున్నానని చెప్పడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాడు. తల్లి దాలమ్మ కథంతా మొదటి నుంచి చివరిదాకా, ఆపకుండా వింది. కళ్ళు తుడుచుకుని అతని వైపు చూసింది.

"మొగం పీక్కుపోనాది బాబూ. కూకో, అన్నం తిను. పిల్ల సెప్పింది. విశాఖ ఎల్లేముందే ముహూర్తం సూద్దాం."