వెలుగు చూడని వస్త్రం

శ్వేతగిరి రాజ్యంలో ఒక వింత జాడ్యం ప్రబలింది. ఈడేరిన ఆడపిల్లలు ఒకరి తరువాత ఒకరు జ్వరపడి, పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ మంచం పట్టసాగారు. రాజవైద్యుడు నాడి పట్టి "ఏమి జరిగింది తల్లీ?" అని అడిగితే రోగి తల వంచుకునేది, కన్నతల్లి ముఖం గోడ వైపు తిప్పుకునేది. కారణం తెలియక, మందు తోచక ఆయన తిరిగి వెళ్ళేవాడు. అడవి ఆవలి గుహలోని నీలికేశి అనే రాక్షసి శపించిందని ఎవరో అన్నారు. ఆ మాట అన్నదెవరో ఎవరికీ తెలియదు. అయినా అందరూ నమ్మారు.

ఆ నగరంలోని సాలెవీధిలో వకుళ అనే బాలిక ఉండేది. తల్లిదండ్రులు లేని ఆమెనూ, అక్క మంజీరనూ అవ్వ సోమక్క పెంచింది. ఇప్పుడు మంజీర కూడా మంచం పట్టింది. ఆమె ఒళ్ళు పెనంలా కాలిపోతూ ఉంటే వకుళ చూడలేకపోయింది.

"అవ్వా, నేను పోయి ఆ రాక్షసిని అడుగుతా. శాపం వెనక్కి తీసుకోమంటా."

"నోర్ముయ్యవే! రాక్షసంటే పక్కింటి రత్తాలనుకున్నావా?"

"మరి అక్క చచ్చిపోతే?"

వకుళ సద్దిమూట కట్టుకొని అడవిలో అడుగుపెట్టింది.

అడవి నడుమ ఒక బండపై తపస్సు చేసుకుంటున్న ముని కనిపించాడు. వకుళ నమస్కరించి దారి అడిగింది.

"ఉత్తరపు కొండకు వెళ్ళు. కాని శపించినవారిని వెదకకు, బిడ్డా. శాపాన్ని దాచిన చోటును వెదుకు" అన్నాడు ముని.

"శాపాన్ని దాస్తారా స్వామీ?"

ముని చిరునవ్వు నవ్వి కన్నులు మూసుకున్నాడు. వకుళకు ఏమీ బోధపడలేదు.

కొండ అడుగున రెండు తలల గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. దాని రెండు తలలూ వాదులాడుకుంటున్నాయి.

"ఈ పిల్ల గుహకే పోవాలి" అంది కుడి తల.

"కాదు, ఇంటికే పోవాలి" అంది ఎడమ తల.

"నీకు బుద్ధుందా?"

"మనిద్దరి బుద్ధీ నా దగ్గరే ఉంది. నీకు ముక్కొక్కటే మిగిలింది!"

"గుహా, ఇల్లా? ఏదో ఒకటి తేల్చండి!" అని వకుళ ఏడుపు గొంతుతో అరిచింది.

"రెండూ" అన్నాయి రెండు తలలూ ఒక్కసారిగా. తమకు మాట కలిసినందుకు తామే విస్తుపోయి, మరో మాట లేకుండా ఆమెను మోసుకుపోయి గుహ ముంగిట దింపాయి.

లోపల కాటుక చీకటి. ముక్కిపోయిన గుడ్డల వాసన. ఆ వాసనకు తుమ్ముతూ నీలికేశి కూర్చుని ఉంది.

"మా అక్కను ఎందుకు శపించావు?" వకుళ అడిగింది.

"నేనా? నాకొక్క మంత్రమైనా రాదే పిల్లా! చీకటంతా ఒకటే గది. మీ ఇళ్ళ అటకలూ, చూరు కింది సందులూ, గాదెల వెనక మూలలూ అన్నీ నా గుహలోకే తెరుచుకుంటాయి. మీ ఆడవాళ్ళు నెలసరి గుడ్డలు తెచ్చి ఆ మూలల్లో దాస్తారు. 'మగవాళ్ళ కంటా, సూర్యుడి కంటా పడకుండా చూడు తల్లీ' అని మొక్కుతారు. పడకుండా చూశాను. మాట నిలబెట్టుకుంటే ఇదా నాకు పేరు?"

వకుళ తడిమి చూసింది. ఎన్నడూ ఆరని గుడ్డలు చల్లగా, బూజుపట్టి చేతికి తగిలాయి. వాటిలో ఒకదాని నేత ఆమె వేళ్ళకు తెలిసినదే, అవ్వ పాత గళ్ళచీర నుంచి చింపిన గుడ్డ. అది మంజీరది! ఈ తడిగుడ్డనే అక్క నెలనెలా కట్టుకుంటున్నది.

"దీన్ని ఎండలో ఆరేస్తే?"

"ఆరేసిన చెయ్యి పడిపోతుందట. ఈ గుడ్డ దాస్తూ మీ అవ్వే అంది. నిజమో కాదో నాకేం తెలుసు? నేనెప్పుడైనా ఎండ మొహం చూశానా?"

శపించినది రాక్షసి కాదు. మరి అవ్వా? ఊళ్ళోని తల్లులా? వాళ్ళూ భయపడినవారే కదా! వకుళ ఆ గుడ్డను గుండెకు అదుముకొని చీకటిలో నడిచింది. నడిచి నడిచి చూస్తే తమ ఇంటి అటక మీద ఉంది.

ఆమె కిందికి దిగి, గుడ్డను వేడినీళ్ళతో ఉతికి వీధిలోకి వచ్చింది. అక్కడ సాలెవారు ఎండలో నేతకు పడుగు నూలు సాగదీస్తున్నారు. ఆ పక్కన కట్టిన తాడు మీద గుడ్డను ఆరవేయబోయింది.

"చెయ్యి! దాని చెయ్యి పడిపోతుంది! ఎవరైనా పట్టుకోండి!" అని అవ్వ కేకపెట్టింది.

వకుళకూ భయం వేసింది. కన్నులు మూసుకొని, "కర్మసాక్షీ, సూర్యదేవా! బురదలోని తామరను తాకినా నీకు మైల అంటదు. మా అక్క గుడ్డను తాకితే అంటుతుందా? అంటితే నా చెయ్యి తీసుకో. అక్కను మాత్రం బతికించు" అని వేడుకొని గుడ్డను తాడు మీద వేసింది.

వీధి వీధంతా ఆమె చేతినే చూసింది. ఏమీ కాలేదు. సంతోషించాలో తిట్టాలో ఎవరికీ తెలియలేదు.

"ఆ చెయ్యి కాదేమో, రెండో చెయ్యి చూడండి" అన్నదొక ముసలమ్మ. రెండోదీ బాగానే ఉంది.

ఆనాడు మంజీర తానే నోరు విప్పి వైద్యునికి తడిగుడ్డల సంగతి చెప్పింది. "ఈ మాట ముందే అని ఉంటే ఎంతమంది లేచి తిరిగేవారో!" అని ఆయన తగిన మందు ఇచ్చాడు. మందుతో, ఎండిన శుభ్రమైన వస్త్రంతో మంజీర జ్వరం దిగిపోయింది. ఆ కబురు విన్న ఆడవారు తమ అటకలు దులిపారు.

రాజు ధర్మకేతుడు వకుళను సభకు పిలిపించాడు.

"రాక్షసిని జయించావా?"

"లేదు మహారాజా."

"శాపాన్ని తొలగించావా?"

"అసలు శాపమే లేదు ప్రభూ."

మంత్రులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రాజు కూడా తికమకపడి, "పోనీ, నీకేమి కావాలో కోరుకో" అన్నాడు.

"మెత్తటి నూలు బట్ట, ఎండ పడే పెరడున్న ఇల్లు ఇప్పించండి. మా వీధి ఆడవాళ్ళం కొత్త నెలసరి గుడ్డలు, లోపావడాలు కుట్టి సంతల్లో అమ్ముతాం. దానితో మేమూ బతుకుతాం, కొనలేనివారికి ఊరికే ఇస్తాం."

శాసనం రాసే కరణం గంటం ఆగిపోయింది. "ప్రభూ... దేనికోసమని రాయమంటారు?" అని అతడు నీళ్ళు నమిలాడు. రాజు బిత్తరపోయి రాణి చారుమతి వైపు చూశాడు.

రాణి సింహాసనం నుండి లేచి నిలబడింది. "కరణంగారూ, ఆ పిల్ల ఏ మాట అన్నదో ఆ మాటే రాయండి. దాచిపెట్టి రాయకండి."

గంటం కదిలింది. వకుళ ఆ కుట్టుశాలకు అధికారిణి అయింది. మొదటి వస్త్రాన్ని మంజీర తన చేతులతో కుట్టింది. ఆ పెరటి తాళ్ళ మీద తెల్లని గుడ్డలు గాలికి ఊగుతూ ఉంటే, సూర్యభగవానుడు ప్రతి ఉదయం వచ్చి, ఒక్కదాన్నీ విడువక ఆరబెట్టి వెళ్ళేవాడు.