అన్న ఇల్లుండగా లాడ్జి గది

"నేను ఇంటికి రాను, అన్నా!"

గౌలిగూడ బస్‌స్టాండులో, అంతమంది ప్రయాణికుల నడుమ, అలివేలు నోట ఆ మాట వినగానే రంగనాథ్ చేయి ఆమె సంచి మీద అలాగే ఆగిపోయింది. జడ్చర్ల బస్సు దిగిన చెల్లెలి సంచి అందుకోవడం, బయట నిలిపి ఉంచిన రిక్షాలో కూర్చోబెట్టుకొని సైదాబాదు ఇంటికి తీసుకుపోవడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. ఆ అలవాటులో చెల్లెలు "రాను" అనడానికి చోటే లేదు!

"ఇంటికి రాకపోతే యాడికి పోతవే?"

"లాడ్జిల ఉంట."

"లాడ్జిలనా!..." రంగనాథ్ ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు. "రంగనాథ్ చెల్లె లాడ్జిల పడుకున్నదంటే ఆఫీసుల నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె? మీ వదిన పొద్దటి సంది వంట చేసుకొని నీ కోసం చూస్తున్నది. గింత లొల్లి ఏందే?"

"ఆఫీసుల నీ మొఖం గురించి నువ్వు ఫికర్ చేస్తున్నవ్. రేపు కోర్టుల నా మొఖం గురించి నేను ఫికర్ చెయ్యొద్దా, అన్నా?"

ఆ అన్నాచెల్లెళ్ల మధ్య వ్యాజ్యం నడుస్తోంది. వాది అలివేలు, ప్రతివాది రంగనాథ్. వారి తండ్రి రామలింగయ్య తన స్వంత సంపాదనతో కట్టిన సైదాబాదు ఇంట్లో, భర్తను పోగొట్టుకున్న కూతురికి నివసించే హక్కు ఉందని చట్టం చెబుతోంది. కన్నుమూసే ముందు ఆయన కూడా వెనుకవైపు గదులు అలివేలుకేనని నోరారా చెప్పాడు. కానీ తండ్రి పోయిన తరువాత ఆ గదుల్లో అద్దెవాళ్లు దిగారు! అలివేలు జడ్చర్లలో కుట్టుమిషను పెట్టుకొని, అద్దెకిచ్చినవారు ఖాళీ చేయమన్నప్పుడల్లా సామాను నెత్తిన పెట్టుకొని గడప మారుతూ బతుకుతోంది. ఎవరూ పొమ్మనలేని ఒక్క చోటు... ఆమె అడుగుతున్నది అంతే! తండ్రి అటువంటి మాట ఏదీ అనలేదనీ, ఇల్లంతా తనకే ఇచ్చాడనీ రంగనాథ్ వాదన.

అయితే విచిత్రం చూడండి! ఆడపడుచు పట్నం వస్తే పుట్టింట్లోనే దిగాలి. అది ఆ వంశపు ఆచారం. కేసు వేసిన తరువాత కూడా ఆ ఆచారాన్ని అన్నా తప్పలేదు, చెల్లెలూ తప్పలేదు. రాత్రి వదిన రమాబాయి వేడివేడిగా వడ్డించేది. ఉదయం అన్న రిక్షా పిలిచేవాడు. వాది, ప్రతివాది ఒకే రిక్షాలో, మోకాళ్లు తగులుతూ, నయాపూల్ దాటి కోర్టుకు వచ్చేవారు! మొదటి వాయిదా నాడు బోనెక్కిన అలివేలు, పొద్దున తనకు కాఫీ ఇచ్చిన చేతులు గుర్తుకొచ్చి ఏడ్చి దిగిపోయింది. రెండోసారి అన్న తరఫు వకీలు తీయగా అడిగాడు: "రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా?" "మా అన్న ఇంట్ల." "తలుపు మూసినవారు ఎవరైనా ఉన్నారా?" "లేరు." "మరి మీకు ఆ ఇంట్లో అడ్డం వచ్చిందెవరు?"... చుట్టరికం అనే తీపిలో చుట్టి ఆమె హక్కునే మింగించారు! చెల్లెలికి పళ్లెం నిండా వడ్డించగలిగిన ఇల్లు, ఆమెకు ఒక తాళం చెవి ఇవ్వలేదెందుకో... ఆ ప్రశ్న మన ఇళ్లలో ఎవరూ అడగరు.

ఆనాడే ఆమె వకీలు ప్రభాకర్ కోపంతో ఫైలు మూసేశాడు. "ఇంకోసారి ప్రతివాది ఇంట్ల తిని వస్తే నా దగ్గరికి రాకమ్మా! నీ కేసు నువ్వే ఓడగొట్టుకుంటున్నవ్."

ఆ మాట గుచ్చుకున్న నాటి నుంచి అలివేలు బస కోసం ఆలోచిస్తూనే ఉంది. అబిడ్స్‌లోని హోటళ్లు బాగుంటాయట. కానీ అక్కడ ఒక్క రాత్రి పడుకుంటే నెలంతా కుట్టిన కుట్టు కరిగిపోతుంది. నాంపల్లి స్టేషను దగ్గర చౌక. కానీ రాత్రంతా రైళ్ల రొద, ఉదయం బస్సు దొరకకపోతే కోర్టులో పేరు పిలిచేసరికి ఆమె ఉండదు. బహదూర్‌పురాలో దూరపు పిన్ని ఉంది. మళ్లీ ఒకరి దయ, ఒకరి వడ్డన! చౌకగా ఉండాలి, కోర్టుకు నడిచి పోయేంత దగ్గర ఉండాలి, ఎవరికీ మొహమాటపడే పని ఉండకూడదు. ఆ మూడూ కుదిరింది నయాపూల్ దగ్గరి పాత లాడ్జి ఒక్కటే.

రంగనాథ్ చేతిలోని సంచిని మెల్లగా విడిపించుకొని, అలివేలు ఒంటరిగా ఆ లాడ్జికి నడిచింది.

గల్లా వెనుక కూర్చున్న మేనేజరు రామ్‌చందర్ ఆమె వెనుక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూశాడు.

"ఎవరొచ్చిన్రమ్మా ఎంబడి?"

"ఎవరు రాలేదు. నాకొక్కదానికే గది కావాలె."

"అకేలా ఆడమనిషికి రూమియ్యమమ్మా. గిది మా లాడ్జి దస్తూర్. మొగమనిషిని ఎవర్నన్న తోలుకరా, ఇస్త."

"నాకు మిగిలిన మొగదిక్కు మా అన్న ఒక్కడే. ఆయన మీదనే కేసు వేసిన. తోలుకరమ్మంటవా?"

గోడ వారగా బెంచీ మీద ఫైళ్లు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న మనుషులు గొల్లున నవ్వారు. రామ్‌చందర్ ముఖం ఎర్రబడింది.

"పరేషాన్ చెయ్యకమ్మా! రేపు ఏమన్న మాటొస్తే నా మీదికొస్తది."

"గీ బెంచి మీద కూసున్నోళ్లంత ఎవరన్నా?"

"కోర్టుకొచ్చినోళ్లు."

"ఎవరి మీద కేసులేసిన్రు?"

"ఇంకెవరి మీద? అన్నల మీద, తమ్ముల మీద..."

"అన్న మీద తమ్ముడు కేసేస్తే గదిస్తవ్. అన్న మీద చెల్లె వేస్తే గడప బయట నిలబెడ్తవా? గది ఏం దస్తూరన్నా? కిరాయి వాళ్లెంత ఇస్తరో నేనూ గంతే ఇస్త. గదియ్యకపోతే గీ బెంచి మీదనే కూసుంట. తెల్లారితే కోర్టుకు పోత. నా పేరు అడిగినోళ్లకు నీ పేరు గూడ చెప్త!"

"ఇచ్చెయ్ భాయ్!" బెంచీ మీది ఒక ముసలాయన అన్నాడు. "మా అందరికన్న గామెనే నయముంది. గంత ధైర్యం నాకుంటే నా తమ్ముడు ఎన్నడో దారికొచ్చేటోడు."

రామ్‌చందర్ తల గోక్కొని తాళం చెవి తీశాడు. "పైన మెట్ల పక్క గది. నా కండ్ల ముంగటే ఉంటది. ఎవడన్న తలుపు కొడితే నన్ను పిలువమ్మా."

"ముందు వానికి నేను చెప్పాల్సింది చెప్త. తర్వాత నిన్ను పిలుస్త."

ఇనుప మంచం, పలచని పరుపు, మట్టికుండలో నీళ్లు, కిటికీలోంచి దూరంగా కోర్టు గుమ్మటాలు... అంతే ఆ గది. అలివేలు లోపలి నుంచి గొళ్లెం వేసింది. అత్తవారింట్లో, అన్న ఇంట్లో, అద్దె ఇళ్లలో ఇంతవరకు ఏ తలుపుకూ గొళ్లెం తన ఇష్టప్రకారం వేసుకోని ఆ మనిషి, మంచం అంచున కూర్చొని వెక్కివెక్కి ఏడ్చింది! అది భయంతో వచ్చిన ఏడుపు కాదు. ఇంత చిన్న సుఖాన్ని ఇన్నేళ్లూ తనకు దక్కనివ్వని లోకం మీద రోషంతో వచ్చిన ఏడుపు...

ఉదయం ఆమె ఎవరి రిక్షా ఎక్కకుండా నడిచి కోర్టుకు వెళ్లింది. బోనులో నిలబడగానే అన్న తరఫు వకీలు పాత పల్లవే ఎత్తుకున్నాడు.

"నిన్న రాత్రి ఎక్కడ బస చేశారమ్మా?"

"నయాపూల్ లాడ్జిల."

ఆయన తడబడ్డాడు. "అన్నగారి ఇల్లు ఉండగా లాడ్జిలో ఎందుకు దిగారు?"

"అది అన్న ఇల్లని మీరంటున్నరు సార్. మా నాయన ఇల్లని నేనంటున్న. చుట్టంగ పోయి తిని పండుకుంటే మీ మాటే నిజమైతది. అందుకే పోలేదు. మళ్లొకసారి ఆ గడప తొక్కితే నా గదుల్లకే పోత, ఎవరింటికో చుట్టంగ కాదు!"

జడ్జిగారు కళ్లద్దాల మీదుగా ఆమెను ఒకసారి చూసి, తలవంచి రాసుకున్నారు.

"ఆ గదులు మీకేనని మీ తండ్రి అన్నప్పుడు ఎవరున్నారు?" అన్న తరఫు వకీలు మళ్లీ అడిగాడు.

"నేనున్న. మా అన్న ఉన్నడు. మా వదిన ఉన్నది."

"మీ అన్నగారు వినలేదంటున్నారే!"

అలివేలు అన్న వైపు చూసింది. రంగనాథ్ తల పక్కకు తిప్పుకున్నాడు. కేసు మర్నాటికి వాయిదా పడింది.

సాయంత్రం లాడ్జి గది తలుపు తట్టిన చప్పుడైంది. తీసి చూస్తే రమాబాయి! చెమటతో ముఖం తడిసిపోయి, ఉత్త చేతులతో నిలబడి ఉంది.

"వదినా!... అన్న పంపిండా నిన్ను?"

"మీ అన్న ఎంబడే వచ్చిన. కింద రిక్షాల కూసున్నడు. నిన్ను బతిమిలాడి తోలుకరమ్మన్నడు." రమాబాయి గదంతా కలయజూసి, మంచం మీద మెల్లగా కూర్చుంది. "బతిమిలాడుదామనే మెట్లెక్కిన, అలివేలూ. గాని కోర్టుల నువ్వు 'మా వదిన ఉన్నది' అన్నవని మీ అన్న చెప్పి నవ్విండు. 'అదేం చెప్తది' అన్నడు. గా నవ్వు నాకు మెట్టుమెట్టుకు యాదికొచ్చింది..."

"వదినా, వద్దు! నా కోసం నీ సంసారంల నిప్పు పోసుకోకు. రేపు సాక్ష్యం చెప్పినంక నువ్వు పోవాల్సింది మళ్ల ఆ ఇంటికే!"

"పోత. అది నా ఇల్లు గూడ. ఎవరు పొమ్మంటరో చూస్త!" రమాబాయి కళ్లు తుడుచుకుంది. "మామ నా చేతి నీళ్లు తాగుకుంట అన్న మాట అది. నేను వినలేదంటే సచ్చినాయన నోరు మూసినట్టు గాదా? మీ వకీలు సాబు ఎక్కడుంటడో చూపియ్యి."

అలివేలు వదినను రెండు చేతులతో పట్టుకొని బావురుమన్నది. ఇన్నేళ్లూ ఒకరు వడ్డించి, ఒకరు తిని, ఒక్క నిజమూ మాట్లాడుకోని ఆ ఇద్దరు స్త్రీలు ఆనాడు మొదటిసారి ఒకరి భుజం మీద ఒకరు తల ఆన్చుకున్నారు!

వారిద్దరూ మెట్లు దిగి వీధిలోకి రాగానే రంగనాథ్ రిక్షా దిగి ఎదురొచ్చాడు. సంచి లేని చెల్లెలి చేతులను, తన వైపు రాని భార్యను చూసి ఆయనకు సంగతి అర్థమైంది.

"ఇంట్ల మాట కోర్టుల పెడ్తవా, రమా?"

"ఇంట్లనే చెప్పిన. ఇన్నేండ్ల సంది ఇంట్లనే చెప్పిన," అంది రమాబాయి. "ఇంట్ల ఎవరు విన్నరు?"

ఆమె ఆడపడుచు చేయి పట్టుకొని, ప్రభాకర్ వకీలు ఇంటి వైపు రోడ్డు దాటింది.