నాదపందిరి

అది 2081. అయినా విశాఖ రేవులో చేపల వేలం ఇంకా మనిషి గొంతుతోనే జరుగుతోంది. పడవలు వాటంతటవే సముద్రానికి వెళ్లి వస్తున్నాయి, వలలు వాటంతటవే చేపల్ని ఏరుతున్నాయి. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం రేవు జనం యంత్రాన్ని నమ్మరు. అది ఎవరికి కన్ను గీటుతుందో ఎవడికి తెలుసు! ఇరవై ఎనిమిదేళ్లుగా వేలంగట్టు మీద మైలపల్లి నూకరత్నం కేక వేస్తేనే చేప అమ్ముడయ్యేది.

పాడు రోగం ఆ గొంతునే పట్టుకుంది. స్వరతంత్రులు కోసి తీసేయాల్సి వచ్చింది. డాక్టర్ వకుళ కొత్తవి పెంచడం మొదలుపెట్టి ఏడు వారాలైంది. శుక్రవారం పొద్దున నూకరత్నం గట్టెక్కి పాడలేకపోతే పడవల సంఘం ఇంకొకర్ని ఎక్కిస్తానంది. ఈరోజు బుధవారం.

వకుళ కనిపెట్టిన వస్తువు పేరు నాదపందిరి. పట్టుపోగూ జెల్లూ కలిపి అల్లిన గోరంత వల, దాని మీద మూలకణాలు చల్లి గొంతులో పెడతారు. మూలకణానికి సొంత బుద్ధి తక్కువ, కాలి కింద ఏముందో చూసుకుని దానికి తగ్గట్టు మారుతుంది. గట్టి పందిరి మీద వేస్తే ఎముక వైపు మొగ్గుతుంది, మెత్తటి దాని మీద నరం వైపు. స్వరతంత్రికి మెత్తదనం ఒక్కటే చాలదు, వణుకు కూడా కావాలి. అందుకే ఈ పందిరి రోగి పాత రికార్డింగులకు తగ్గట్టు ఆరు వారాలు వణుకుతుంది. కణాలు ఆ వణుకు నేర్చుకుంటూ పోగులు పేనుకుంటాయి. చివరికి పందిరి కరిగిపోతుంది, నేర్చుకున్నది మిగులుతుంది.

"ఇంకోసారి అరవండి," అంది వకుళ, నాలుగోసారి.

నూకరత్నం మెడనరాలు ఉబ్బాయి. "వంజరం బుట్టా..." అంది. పసిబిడ్డను జోకొడుతున్నట్టు వచ్చింది ఆ మాట.

"ఏటిది డాక్టరమ్మా! ఈ గొంతుకి పిల్లి కూడా బెదరదు. ఎల్లుండి గట్టెక్కి నానేటి సెయ్యాల?"

వకుళ గదిలో అటూ ఇటూ తిరిగింది. జెల్ మరీ మెత్తనైందా? పట్టు తగ్గిందా? రెండు రాత్రులుగా ఇదే గోల, కంటి మీద కునుకు లేదు.

"ధాత్రీ, వేసినప్పుడు పందిరి గట్టిదనం ఎంత ఉంది?" అని ప్రయోగశాల యంత్రాన్ని అడిగింది.

"మీరు చెప్పినంతే. పందిరిలో లోపం లేదు. నలభై రెండు రోజులూ దానికి అందినవి మెల్లని మాటలే. ఒక్క కేక లేదు," అంది ధాత్రి.

వకుళ గిర్రున వెనక్కి తిరిగింది. గోడవారన నూకరత్నం భర్త పోలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఇంట్లో దాచుకున్న రికార్డింగులు ఏరి ఇచ్చింది అతనే.

"అరుపులూ నవ్వులూ తగాదాలూ, అన్నీ ఇవ్వమన్నాను కదండీ!"

"ఇంటికొచ్చినా అదే కేక డాక్టరమ్మా. ఉప్పందుకోమన్నా వేలంపాటే. ఎలాగూ కొత్తగొంతే కదా, కాసింత మెత్తంది వస్తే ఏటి పోద్దనుకున్నాను."

నూకరత్నం లేచి అతని ఎదురుగా నిలబడింది. "నీ కడుపు కాలా! నా కూడు తీసీసినావు కద మావా," అని నోరారా తిట్టింది. ఆ తిట్టు కూడా జోలపాటలాగే వచ్చింది. అతను ఇన్నేళ్లూ కోరుకున్న గొంతు అదే. పోలయ్య అది వినలేక చెవులు మూసుకుని భోరున ఏడ్చాడు.

మళ్లీ పందిరి వేయాలంటే గాయం పూర్తిగా మానాలి, ఏడాది పడుతుంది. శుక్రవారం పోలయ్యే గట్టెక్కాడు. పక్కనే నూకరత్నం బుట్ట చూసి ధర చెవిలో చెబితే అతను అరిచాడు. మొదటి రోజు జనం నవ్వారు. నెలకి నవ్వడం మానేశారు.

ఏడాది తిరిగాక, మళ్లీ పందిరి వేయనా అని అడగడానికి వకుళ వాళ్లింటికి వెళ్లింది. పెరట్లోంచి పోలయ్య గొంతు వీధి చివరికే వినబడింది. లోపల నూకరత్నం కంచం పెట్టి, "కూడు తిందువు రా మావా," అని పిలిచింది.

"ఏటే? ఏటంటన్నావు?" అని పోలయ్య అక్కడినుంచే విరుచుకుపడ్డాడు. "గట్టిగా సెప్పి సావు! ఆ గొణుగుడు ఎవుడికి ఇనబడతాది?"

నూకరత్నం వకుళ వైపు చూసింది.

"పందిరి ఎయ్యండి డాక్టరమ్మా," అంది మెల్లగా. "రికార్డింగులు ఈసారి నానే ఏరతాను."